తెలిసిన పాటే పాడాలా?



పోయిన నెల మన ఊళ్లో పాత పాటల రాత్రి నాడు జరిగిన సంగతి మీలో చాలామంది కళ్లారా చూశారు. చూడనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. డిగ్రీ చదివే ఒక అమ్మాయి వేదికెక్కి ‘దేవదాసు’లో కె. రాణి పాడిన ‘అంతా భ్రాంతియేనా’ అందుకుంది. ట్రాక్ పెట్టుకోలేదు. పక్కన ఒక హార్మోనియం, ఒక తబలా, అంతే. పల్లవి కాస్త నిదానంగా, తన గొంతుకు తగ్గట్టు మలుచుకుని పాడింది. చరణం ఎత్తుకునేలోగా నిర్వాహకుల్లో ఒకాయన వచ్చి మైకు పక్కకి లాగి, “జనం లేచిపోతున్నారమ్మా, తెలిసిన పాట ఏదైనా పాడు” అన్నాడు. ఆ మాట హాలంతా వినిపించింది. అమ్మాయి పుస్తకం మూసి దిగిపోయింది. ఆ వెంటనే ట్రాక్ మోగింది. అదే రాత్రి అంతకుముందు ఒకరు పాడేసిన పాటనే ఇంకొకాయన మళ్లీ పాడాడు. చప్పట్లు పడ్డాయి.

లేచిపోయిన జనం ఎవరో కూడా మేం చూశాం. ముందు వరుసలో శాలువాలు కప్పించుకున్న పెద్దలు. సన్మానం అయిపోయింది కాబట్టి లేచారు. వాళ్లు ఏ పాటకైనా లేచేవాళ్లే. వెనక వరుసల్లో ఒక్కరూ కదల్లేదు.

ఇక ఊరుకోదలచుకోలేదు. మేం అడుగుతున్నది పెద్ద కోరికేమీ కాదు. ఈ ఊళ్లో జరిగే ప్రతి పాటకచేరీలో మూడింట ఒక వంతు పాటలు జనం నోళ్లలో నానని పాటలై ఉండాలి. కనీసం ఒక పాటను గాయకుడు తన పద్ధతిలో, అసలు రికార్డుకు భిన్నంగా పాడాలి. అలా పాడినవాళ్లను మధ్యలో ఆపే హక్కు ఎవరికీ ఉండకూడదు.

‘దేవదాసు’ సంగతే తీసుకోండి. 1953లో వచ్చిన సినిమా. సంగీత దర్శకుడు సి.ఆర్. సుబ్బరామన్ ఆ సినిమా విడుదల కూడా చూడకుండా అంతకు ముందు ఏడాదే, ముప్పై ఏళ్లయినా నిండకుండా కన్నుమూశాడు. ఆ సినిమాలో ఘంటసాల పాటలు మనకు కంఠతా వచ్చు. అదే సినిమాలో రాణి పాడింది, ఆర్. బాలసరస్వతీదేవి పాడింది. దేవదాసు తాగి పాడిన పాటలు డెబ్బై ఏళ్లుగా ప్రతి వేదిక మీదా మోగుతున్నాయి. ఆడవాళ్లు పాడిన పాటలకు మాత్రం ఎప్పుడూ వంతు రాదు. బాలసరస్వతీదేవి సాలూరి రాజేశ్వరరావుతో కలిసి సినిమాతో సంబంధం లేకుండా గ్రామఫోను రికార్డులకు పాడిన ‘కోపమేల రాధా’ లాంటి పాటలు ఈ ఊళ్లో ఏ కచేరీలోనైనా విన్నామా? మాకు గుర్తులేదు. మీకు గుర్తుంటే చెప్పండి, సంతోషిస్తాం.

ఘంటసాల భక్తులకు కూడా ఒక ప్రశ్న. ఆయన పేరు మీద ఏటా జరిగే ఆరాధనల్లో ‘రహస్యం’ సినిమాలోని గిరిజా కల్యాణం ఎప్పుడైనా పెట్టారా? మల్లాది రామకృష్ణశాస్త్రి రాసిన యక్షగానం. ఘంటసాల స్వరపరిచిన వాటిలో అంతకు మించింది లేదని మా అభిప్రాయం. 1967లో సినిమా ఆడలేదు, దాంతోపాటు పాటా అటకెక్కింది. అడిగితే “అది పొడుగు, నలుగురైదుగురు గాయకులు కావాలి, ట్రాక్ దొరకదు” అంటారు. మొదటి రెండూ పాడేవాళ్ల సాకులు. మూడోదే అసలు కారణం.

ట్రాక్ సంగతి కాస్త విడమర్చాలి. వాద్యబృందాన్ని పిలిస్తే ఖర్చు, ట్రాక్ అయితే ఫోన్‌లోనే ఉంటుంది. ఎక్కువమంది అడిగే పాటకే ట్రాక్ తయారవుతుంది. ట్రాక్ ఉన్న పాటనే కొత్తగా పాడేవాళ్లు నేర్చుకుంటారు. వాళ్లు పాడుతుంటే విన్నవాళ్లు మళ్లీ అదే అడుగుతారు. ఇలా తిరిగి తిరిగి ఊరూరా అవే ఇరవై పాటలు మిగిలాయి. ఇంకో అన్యాయం కూడా ఉంది. ట్రాక్ ఎవరి కోసమూ ఆగదు. చరణం చివర ఒక మాట దగ్గర నిలబడి రెండోసారి ఇంకోలా అనాలని గాయకురాలికి అనిపించినా, వెనక నుంచి వయొలిన్లు తరుముకొస్తాయి. తబలా వాయించే మనిషి ఉంటే ఆమె ముఖం చూసి ఆగేవాడు. అందుకని పాడేవాళ్లు ఫోన్ తెర మీద సాహిత్యం వైపు, తర్వాత రావాల్సిన చోటు వైపు చూస్తూ రైలు అందుకునే ప్రయాణికుల్లా పాడుతున్నారు. దీన్ని మనం సంగీత విభావరి అని పిలుస్తున్నాం, ఫ్లెక్సీలు కడుతున్నాం.

అంతకంటే పెద్ద నేరం పోటీల్లో జరుగుతోంది. పదేళ్ల పిల్ల పాడుతుంది. న్యాయనిర్ణేత కళ్లు మూసుకుని వింటాడు. అయిపోయాక “రెండో చరణంలో ఆ విరుపు ఒరిజినల్‌లో అలా లేదమ్మా” అని మార్కులు కోస్తాడు. అంటే ఆయన ఆ పిల్ల పాట వినలేదు. తన తలలో మోగే పాత రికార్డును విని, ఈ పిల్ల ఎక్కడ దానికి దూరంగా జరిగిందో లెక్క వేసుకున్నాడు. సుశీల ఊపిరి తీసుకున్న చోటే ఊపిరి తీసుకోవాలి. జానకి నవ్విన చోటే నవ్వాలి. బాలు గొంతు వణికించిన చోటే వణికించాలి. ఇంతా చేసి “అచ్చం బాలూ గారిలాగే పాడావు నాన్నా” అంటే అదే పరమావధి. పాపం, బాలు ఎవరిలా పాడి బాలు అయ్యాడు? బాలు అడుగుపెట్టిన 1966 నాటి సినిమా రంగంలో ఘంటసాల ఉండగా అచ్చం ఘంటసాలలా పాడే కుర్రాడు ఎవరికి కావాలి? తనలా పాడాడు కాబట్టే నిలబడ్డాడు. అనుకరణ మిమిక్రీ కళాకారుల విద్య. వాళ్ల వేదిక వాళ్లకుంది. పాట పోటీని మిమిక్రీ పోటీగా మార్చిన న్యాయనిర్ణేతలు తెలుగు పాటకు చేసిన చెరుపు ఏ రణగొణ సంగీతమూ చేయలేదు.

“పెద్దలు కట్టిన బాణీ ముట్టుకోకూడదు” అనేవాళ్లు తమ ఇంట్లో వాళ్లనే ఒకసారి అడగాలి. పాండవోద్యోగ విజయాలు నాటకం ఆడే రోజుల్లో జనం కథ తెలియక వెళ్లారా? పద్యం తెలియక వెళ్లారా? తిరుపతి వేంకట కవుల పద్యం ప్రతివాడికీ నోటికి వచ్చు. ఆ పద్యాన్ని బందా కనకలింగేశ్వరరావు ఎలా అంటాడు, పీసపాటి ఎలా అంటాడు, షణ్ముఖి ఆంజనేయరాజు ఎలా లాగుతాడు, ఈలపాట రఘురామయ్య ఏం చేస్తాడు అని బళ్లు కట్టుకుని వెళ్లారు. నలుగురు కృష్ణులు, నాలుగు రకాలు. ఒకే పద్యం మీద నాలుగు రకాల తీర్పు చెప్పగలిగిన శ్రోతల మనవలం మనం. ఇవాళ పల్లవి కాస్త నిదానిస్తే మైకు లాగేస్తున్నాం.

అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకుల మీద దొరికాయి. రేకు మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. స్వరం లేదు. మనం ఇవాళ పాడుకునే వరుసలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దపు మనుషులు కట్టినవి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ కట్టాడు, నేదునూరి కృష్ణమూర్తి కట్టాడు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ కట్టాడు. ‘నానాటి బ్రతుకు’ రేవతిలో వింటూ కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లు అది అయిదువందల ఏళ్ల నాటి బాణీ అనుకుంటారు. అది నేదునూరి వారిది. ముట్టుకోకూడదని వాళ్లూ చేతులు కట్టుకుని కూర్చుని ఉంటే అన్నమయ్య ఈ రోజుకీ రేకుల మీదే ఉండేవాడు.

ఇంకా కావాలా? ‘మీరజాలగలడా’ స్థానం నరసింహారావు సత్యభామ వేషంలో రంగస్థలం మీద పాడుకున్న పాట, రాసుకున్నదీ ఆయనే. 1966లో సినిమాకెక్కి, పెండ్యాల చేతిలో పడి సుశీల గొంతులో వినిపించింది. స్థానం వారి పాటలా లేదని అప్పుడు మార్కులు కోయాలని ఎవరికీ తోచలేదు. దేవులపల్లి ‘జయ జయ జయ ప్రియ భారత’కు వింజమూరి అనసూయాదేవి కట్టిన వరుస మనందరం బడిలో పాడుకున్నాం, 1986లో ‘రాక్షసుడు’ కోసం ఇళయరాజా దాన్ని తన దారిలోకి తీసుకెళ్లాడు. ‘మిస్సమ్మ’లో రాజేశ్వరరావు కట్టిన ‘బృందావనమది’ వరుస రెండేళ్లకే హేమంత్ కుమార్ సంగీతంలో ‘మిస్ మేరీ’లోకి వెళ్లింది. ‘సువర్ణసుందరి’లో ఘంటసాల, జిక్కి పాడిన ‘హాయి హాయిగా’ వినండి. ఆ వెంటనే, దాని సంగీత దర్శకుడు ఆదినారాయణరావే మరుసటి ఏడాది హిందీలో లతా, రఫీ చేత పాడించిన ‘కుహూ కుహూ’ వినండి. అవే రాగాలు, అదే మనిషి చెయ్యి, కానీ జిక్కి పలికిన చోట లతా ఇంకోలా పలుకుతుంది. ఏది గొప్పదని కొట్టుకోండి, ఆ కొట్లాటే మాకు కావాలి. పెళ్లిలో సన్నాయి ఆయన ‘సీతారాముల కల్యాణము’ వాయిస్తున్నప్పుడు మాటలు లేవు, గొంతు లేదు, అసలు పాటలో లేని సంగతులు నాలుగు వేస్తాడు. మనం అక్షింతలు పట్టుకుని తలలూపుతాం. అక్కడ లేని పట్టింపు వేదిక మీద ఎక్కడి నుంచి వచ్చింది?

కొన్ని అభ్యంతరాలు ముందే వినబడుతున్నాయి. పిల్లలు ముందు ఉన్నదున్నట్టు నేర్చుకోవాలట. నేర్చుకోమనండి, ఇంట్లో. వేదిక దాకా వచ్చాక కూడా నేర్చుకుంటూనే ఉంటే పాడేదెప్పుడు? జనం రారట. అసలు తెలియని పాట పెట్టి చూసిందెప్పుడు? అనుమతులు, రాయల్టీల గొడవట. తెలిసిన పాటకు అనుమతి తెచ్చుకోగలిగినవాడు తెలియని పాటకు తెచ్చుకోలేడా?

రికార్డింగు సంగతి వేరు, అక్కడ మాత్రం చట్టం మీదే మాకు ఫిర్యాదు ఉంది. 2012లో కాపీరైట్ చట్టానికి చేర్చిన 31సి సెక్షన్ ప్రకారం, ఒక పాట మొదట రికార్డయిన సంవత్సరం ముగిశాక అయిదేళ్లు గడిస్తే, నోటీసు ఇచ్చి, రాయల్టీ కట్టి ఎవరైనా కవర్ చేసుకోవచ్చు. కానీ హక్కుదారు ఒప్పుకోకుండా సాహిత్యాన్నీ సంగీతాన్నీ మార్చకూడదు, సాంకేతికంగా తప్పని మార్పులు తప్ప. అంటే దింపేస్తే సరే, ఆలోచించి మారిస్తే తప్పు. ఆ న్యాయనిర్ణేతలే ఈ చట్టం రాశారేమో అనిపిస్తుంది! దీని మీద గాయకుల సంఘాలు గొంతెత్తాలి. ఆ పోరాటం పొడుగు. మన ఊరి వేదికను బాగుచేసుకోవడానికి ఢిల్లీ దాకా వెళ్లక్కర్లేదు.

సినిమాయే లోకం అనుకునేవాళ్లకు ఇంకో మాట. 1948లో విజయవాడ రేడియో కేంద్రం మొదలయ్యాక మన కవులూ స్వరకర్తలూ కలిసి సినిమా అవసరమే లేకుండా పాటను ఇంటింటికీ పంపారు. బాలాంత్రపు రజనీకాంతరావు ఉన్నాడు, పాలగుమ్మి విశ్వనాథం ఉన్నాడు. పాలగుమ్మి వారి ‘అమ్మదొంగా’ను వేదవతీ ప్రభాకర్ పాడగా విని ఏడవని తల్లి ఆ తరంలో లేదు. ఇవాళ ఆ పాట పాడితే “ఏ సినిమాలోది?” అని అడుగుతున్నారు. ఇలాంటి లలిత గీతాలు మన కచేరీల్లో ఎన్ని వస్తున్నాయో చెప్పనక్కర్లేదు.

గాయనీ గాయకులారా, ట్రాక్ లేకుండా పాడటం మీకు చేతకాదని మేం నమ్మం. ఒక్క హార్మోనియం, ఒక్క తబలా దొరికితే చాలు. బాలు పాటే పాడాలనిపిస్తే ఆయన సంగీత దర్శకుడిగా కట్టిన వాటిని కూడా చూడండి. ‘తూర్పు వెళ్ళే రైలు’తో మొదలుపెట్టండి. భానుమతి పాటను మగగొంతులో పాడండి. జిక్కి పాటను సగం వేగానికి దించి చూడండి. చెడిపోతే చెడిపోనివ్వండి, పాట చచ్చిపోదు. న్యాయనిర్ణేతలారా, మార్కుల కాగితం మీద “ఒరిజినల్‌కు దగ్గర” అనే గడి కొట్టేసి, “పాట ఎంపిక”కు ఒకటి, “సొంత ఆలోచన”కు ఒకటి పెట్టండి. నిర్వాహకులారా, ఆ అమ్మాయిని మళ్లీ పిలవండి. ఆ పాట మొత్తం పాడించండి. క్షమాపణ చెప్తారో లేదో మీ ఇష్టం.

ఇక శ్రోతలకు. వచ్చే ఉత్సవాలకు చందా పుస్తకం పట్టుకుని మీ గుమ్మం ముందుకు వస్తారు. రసీదు రాయించుకునే ముందు పాటల జాబితా అడగండి. అందులో మీరు ఎప్పుడూ వినని పాట ఒక్కటైనా లేకపోతే చందా ఇవ్వకండి.