నెల్లూరులో దిగితే సముద్రం

సెలవులొస్తే విజయవాడ నుంచి చెన్నైకి రైలెక్కే కుటుంబాలకు కొదవలేదు. మెరీనా చూడాలి, టి.నగర్‌లో బట్టలు కొనాలి. కోస్తా వెంట వెళ్లే రైలు కదా, సముద్రం కనిపిస్తుందని పిల్లలు కిటికీ పక్క సీటు కోసం కొట్టుకుంటారు. తీరా ఒంగోలు దాటినా, కావలి దాటినా పొలాలే. నెల్లూరు ముందు పెన్న వంతెన వచ్చినప్పుడు అందరూ తలలు తిప్పుతారు. ఎండాకాలంలో అక్కడా ఇసుకే ఎక్కువ. ఆ ఇసుకను చూసి తేలిగ్గా తీసుకోకూడదు. 2021 నవంబరు వరదకు పడుగుపాడు దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి.

సముద్రం దూరమేమీ కాదు. నెల్లూరు నుంచి మైపాడు దాదాపు పాతిక కిలోమీటర్లు. ఊళ్లో మైపాడు గేటు అని ఒక సెంటరే ఉంది. ఇందుకూరుపేట మీదుగా వరి చేలు, రొయ్యల చెరువులు చూస్తూ బస్సులో వెళ్లిపోవచ్చు. ఆ తీరం వెంబడే బకింగ్‌హాం కాలువ. 1899లో విజయవాడ, చెన్నైల మధ్య రైలు మార్గం కలిసేదాకా సరుకులూ మనుషులూ ఆ కాలువలో పడవల మీదే వెళ్లేవారు. సముద్రానికి దగ్గరగా సాగిన ప్రయాణమంటే అదీ!

ఇక టికెట్ల సంగతి. మధ్యలో దిగి అదే టికెట్టుతో మళ్లీ ఎక్కే వీలు 500 కిలోమీటర్లు దాటిన ప్రయాణాలకే. ఈ దారి మొత్తం 430 చిల్లరే. కాబట్టి నెల్లూరు దాకా ఒకటి, అక్కడి నుంచి చెన్నైకి ఒకటి తీసుకోవాలి. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు పడే చార్జీ తగ్గుతుంది కనుక రెండు ముక్కలు చేస్తే కాస్త ఎక్కువే అవుతుంది. 2024 నవంబరు నుంచి రిజర్వేషను 60 రోజుల ముందే మొదలవుతోంది. పండగలకైతే ఆ రోజు ఉదయమే కూర్చోవాలి.

మైపాడులో ఒక్క విషయం మరవొద్దు. కార్తీక పౌర్ణమికి వేలమంది స్నానాలు చేసే రేవే అయినా, అల వెనక్కి లాగితే ఈత వచ్చినవాళ్లూ నిలదొక్కుకోలేరు. మోకాలి లోతు దాటనివ్వకండి. పిల్లలు అలుగుతారు, అలగనివ్వండి. ఒడ్డున జాలర్లు వద్దంటే అసలు దిగొద్దు.

సాయంత్రానికి నెల్లూరు చేరితే చేపల పులుసు, మలై కాజా. విజయవాడలో ఉదయం ఎక్కి వచ్చిన పినాకిని ఎక్స్‌ప్రెస్సే మర్నాడు అదే వేళకు చెన్నై తీసుకెళ్తుంది. దాని పేరు కూడా పెన్నదే.