వేడి చల్లారక ముందే

హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళే దారికి సూర్యాపేట ఇంచుమించు నడిమధ్య. అందుకే బస్సయినా కారయినా టిఫినుకు అక్కడ ఆగుతుంది, లేదంటే కోదాడలో. ఆ హోటళ్ళ ముందు ఒక పది నిమిషాలు నిలబడి చూడండి. నాన్న ముందు దిగుతాడు, వెనకే పిల్లలు. అమ్మ దిగదు. సామాను ఎవరు చూస్తారు మరి? అందరూ తినివచ్చాక ఆమెకు పొట్లంలో రెండు ఇడ్లీలు వస్తాయి. బస్సు కదిలాక తింటుంది. ఒలికిపోతుందని చట్నీ వేసుకోదు.

ఇంట్లోనూ అంతే కదా. అందరికీ పెట్టి, గిన్నెలో మిగిలింది తనకు. సంఘంలో ప్రేమవిందు రోజున కూడా వంట చేసిన అక్కలే ఆఖరి బంతి. దీనికి మనం త్యాగమని పేరు పెట్టి ఊరుకున్నాం.

ఈ అలవాటుకు ఒక తైవాన్ హోటలు ఎలా అడ్డం వచ్చిందో మిర్యాలగూడకు చెందిన ఒక సోదరి నాతో చెప్పింది. ఆమె భర్త రైసు మిల్లులో గుమాస్తాగా పనిచేసి విరమించుకున్నారు. కొడుకూ కోడలూ అమెరికాలో, సియాటిల్ పక్కన ఉంటారు. మనవరాలిని చూడడానికి ఇద్దరూ వెళ్ళినప్పుడు, ఒక శనివారం కొడుకు వాళ్ళను బెల్‌వ్యూ ఊరిలోని దిన్ తై ఫుంగ్ అనే హోటలుకు తీసుకువెళ్ళాడు. అక్కడ ఈ శాఖ 2010లో తెరిచారు. బల్ల దొరకడానికి చాలాసేపు కాచుకున్నారట. 'రేషను షాపు ముందు కూడా ఇంతసేపు నిలబడలేదు' అన్నారట పెద్దాయన.

అంత పేరెందుకో చెప్పాలి. యాంగ్ బింగ్-యీ అనే ఆయన చైనాలోని షాన్‌షీ ప్రాంతంలో పుట్టి, 1948లో తైవాన్ చేరాడు. 1958లో భార్యతో కలిసి తైపే నగరంలో వంటనూనె దుకాణం పెట్టుకున్నాడు. తరవాత డబ్బాల నూనె బజారుకు రావడంతో విడినూనె అమ్మకం పడిపోయింది. మన ఊళ్ళలో ప్యాకెట్లు వచ్చాక గానుగలవాళ్ళకు పట్టిన గతే. 1972లో దుకాణంలో సగభాగం ఖాళీచేసి, ఆవిరి మీద ఉడికించిన చిన్న పిండిమూటలు అమ్మడం మొదలుపెట్టారు. 1993లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక దాన్ని ప్రపంచంలోని పది మేటి భోజనశాలల్లో ఒకటిగా రాసింది. ఇప్పుడు ఎన్నో దేశాల్లో శాఖలున్నాయి. యాంగ్ గారు 2023లో, 96 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

ఆ మూటలు చేసే గదికి అద్దాల గోడ ఉంటుంది. బయట కాచుకునేవాళ్ళు చూడవచ్చు. ఐదు గ్రాముల మైదా పిండిని పల్చగా ఒత్తి, పదహారు గ్రాముల మాంసపు పూర్ణం పెట్టి, పద్దెనిమిది మడతలు వేసి మూతి మూస్తారు. లోపల పులుసు కూడా ఉంటుంది. నీళ్ళలాంటి పులుసును మూటకట్టడమెలా అని మీకు సందేహం రావచ్చు. మన పాయా చల్లారితే గడ్డకడుతుంది చూడండి, అలా గడ్డకట్టిన రసాన్ని పూర్ణంలో కలుపుతారు. ఆవిరి తగలగానే కరిగి పులుసవుతుంది. ఎక్కువగా పంది మాంసంతో చేస్తారు. కోడి మాంసంవీ దొరుకుతాయి, మనవాళ్ళు తిన్నవి అవే.

వెదురు బుట్ట వచ్చింది. కొడుకు చిన్న ప్రార్థన చేశాడు. మూటను చెంచాలో పెట్టుకుని, చిన్న చిల్లు పొడిచి, ముందు పులుసు జుర్రి, ఆపైన అల్లం ముక్కలూ వెనిగరూ తగిలించి తినాలని పిల్లలు చూపించారు. మన సోదరి బుట్టను భర్త వైపు జరిపింది, తరవాత కొడుకు వైపు, ఆ తరవాత మనవరాలి వైపు. తన వంతు వచ్చేసరికి మిగిలిన రెండూ చల్లారి బుట్టకు అతుక్కుపోయాయి. తీయబోతే అడుగు చిరిగి పులుసంతా కారిపోయింది. వట్టి తోలు నములుతూ 'బాగుందిరా' అంది.

కోడలు ఏమీ అనలేదు. ఇంకో బుట్ట తెప్పించి అత్తగారి ముందు పెట్టింది. "అత్తయ్యా, ఇది మీ ఒక్కరికే. మీరు తిన్నాకే మేము ముట్టుకుంటాం" అంది. ఈమె భర్త ముఖం చూసింది. ఆయన తల గోక్కుని, "తినవే, చల్లారితే ఏం లాభం?" అన్నారు. నలుగురూ చేతులు ముడుచుకుని చూస్తుంటే తినడం ఎంత కష్టమో ఆడవాళ్ళకే తెలుస్తుంది. ఒక్కటి చెంచాలోకి తీసి తొందరపడి కొరికింది. పులుసు నోరంతా చిమ్మింది.

"పెళ్ళయి నలభై ఏళ్ళయింది వదినా, తింటూ నాలుక కాల్చుకోవడం అదే మొదలు" అని నాతో చెప్పి పగలబడి నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ కోడలు చదువుకున్న పిల్ల. అత్తగారికి స్త్రీల హక్కుల గురించి గంటసేపు చెప్పగలదు. ఆ పని చేయకుండా బుట్ట ముందుపెట్టి ఊరుకుంది, నాకు అది నచ్చింది. ఈ సంగతి కొడుకుకు తోచి ఉంటే ఇంకా బాగుండేది. చిన్నప్పటినుంచి వేడి వేడి దోసెలు తిన్నవాడు వాడే కదా!

ఇక పెద్దాయన సంగతి. ఆఖరున రొయ్యలూ గుడ్డూ వేసిన వేపుడన్నం వచ్చింది. పొట్టి గింజ, కాస్త జిగురు. మిల్లులో ఏళ్ళ తరబడి బియ్యం చూసిన కళ్ళు ఊరుకుంటాయా? నాలుగు మెతుకులు అరచేతిలో పెట్టుకుని, వేలితో నలిపి, వెలుతురుకు పట్టి చూశారట. బాపట్ల సాంబ మసూరి ముందు ఇది నిలబడదని తేల్చేసి, పళ్ళెం మాత్రం ఖాళీ చేశారు.