కట్టడమునకు బీమా - కట్టువానికి దిక్కెవరు?

గల్ఫు దేశములలో మింటి నంటు మేడలు లేచుచున్నవి. వానికి రాళ్లెత్తిన చేతులలో కరీంనగరము, జగిత్యాల, నిజామాబాదు, సిరిసిల్ల ప్రాంతముల చేతు లనేకములు కలవు. అచ్చటి నిర్మాణములకు ఇటీవల ఇస్లాము ధర్మానుసారమైన బీమా వ్యాపించుచున్నది. దీనికి తకాఫులని పేరు. ఇది పరాయి మతస్థుల గొడవ, పరాయి దేశపు వ్యాపారము, మనకేల యని పాఠకులు త్రోసివేయరాదు. ఆ మేడలమీద నిలిచినవాడు మనవాడు. వానికి నిలుచు నీడ యెట్టిదో విచారించుట మన విధి.

కట్టడము పునాదినుండి కప్పువఱకు లేచుచున్నంతకాలము దానికి అపాయములు పెక్కు. అగ్నిప్రమాదము, గాలివాన, వఱద, దొంగతనము, పనివాని పొరపాటు, క్రేను కూలుట - ఇవన్నియు కలుగవచ్చును. ఈ నష్టముల నొక్క పత్రముక్రిందికి దెచ్చుటకై కంట్రాక్టరుల సర్వాపద బీమా యనునది పుట్టినది. 1929లో లండను నగరమున లాంబెత్ వంతెన నిర్మాణమునకు వ్రాయబడిన పత్రమే యిట్టివానిలో మొదటిదని చెప్పుదురు. నేడు పెద్ద కట్టడ మేదియు నిట్టి బీమా లేక మొదలు కాదు. అప్పిచ్చు బ్యాంకు లొప్పవు.

అయితే ఇస్లాము ధర్మశాస్త్రజ్ఞులు వర్తకరీతి బీమాలో మూడు దోషములు చూపిరి. ఏమి వచ్చునో, ఎప్పుడు వచ్చునో తెలియని బేరము మొదటి దోషము. దీనిని గరర్ అందురు. ఒకని నష్టము వేఱొకని లాభమగు జూదపు లక్షణము రెండవది, ఇది మైసిర్. వసూలైన సొమ్మును వడ్డీ పత్రములలో బెట్టి పెంచుట మూడవది; ఇది రిబా. 1985లో జిద్దా నగరమున సమావేశమైన అంతర్జాతీయ ఇస్లాము ధర్మశాస్త్ర పరిషత్తు వర్తకరీతి బీమాను నిషేధించి, పరస్పర సహాయముపై నిలిచిన సహకార బీమాను అంగీకరించినది. అంతకుమున్నే 1979లో సుడాను దేశమున నిట్టి సంస్థ యొకటి వెలసినది. 1984లో మలేషియా తకాఫులకై ప్రత్యేకముగా చట్టము చేసినది. 2013లో దానిస్థానమున విశాలమైన వేఱొక చట్టము వచ్చినది.

దీని నడక యెట్టిది? కంట్రాక్టరులు తలకొక చందా యిత్తురు. అది బీమా ధర కాదు. తబర్రు, అనగా దానము. ఆ దానములన్నియు గలిసి ఉమ్మడి నిధి యగును. నష్టపడినవానికి ఆ నిధి నుండి యిత్తురు. నిధిని నడపు సంస్థ దాని యజమాని కాదు, కార్యకర్త మాత్రమే. దానికి ముందుగా నిర్ణయించిన వేతనమో, పెట్టుబడి లాభములో భాగమో ముట్టును. నిధి చాలకున్న ఆ సంస్థయే వడ్డీలేని యప్పు పెట్టవలయును. మిగులు తేలినచో చందాదారులకు తిరిగి పంచవచ్చును. వడ్డీ లేకుండ కట్టడములకు ధనమిచ్చు బ్యాంకులు తాము పెట్టుబడి పెట్టిన నిర్మాణమునకు ఇట్టి రక్షణయే కోరుచున్నవి. వడ్డీలేని ధనముతో లేచిన గోడకు వడ్డీ సొమ్ముతో నడచు బీమా తగదని వారి భావము.

ఈ తత్త్వమును మేము పరిహసింపము, పైగా గౌరవింతుము. పల్లెలలో ఇల్లు కాలినవానికి ఇరుగుపొరుగువారు తాటాకులు, వాసములు తెచ్చి పైకప్పు వేసి నిలబెట్టుట మన పెద్దలెఱిగిన ధర్మమే. ఒకని కష్టమును పదుగురు పంచుకొనుట ఏ మతమునకును సొంతము కాదు, అది మనుష్యధర్మము. అందుచేతనే దానిపేరు చెప్పుకొని నడచు సంస్థలను ఆ ధర్మపు త్రాసులోనే తూచవలయునని మా పట్టుదల.

మొదట మిగులు సంగతి. సౌదీ అరేబియాలో 2003 నాటి చట్టము బీమా సంస్థలన్నియు సహకార పద్ధతినే నడువవలెనని శాసించినది. కాని దానికి తోడుగా వచ్చిన నియమములు మిగులులో నూటికి 90 వంతులు వాటాదారులకును, 10 వంతులు మాత్రమే బీమాదారులకును జెందునట్లు విధించినవి. సహకారమను పేరు చందాదారునిది, ఫలము వాటాదారునిది యైనచో ఆ పేరునకు అర్థమేమి?

ఇంతకన్న ముఖ్యమైనది వేఱొకటి కలదు. న్యాయవాదులమగుటచే పత్రముయొక్క ముఖమును జూచి తృప్తినొందక, మినహాయింపులను జదువుట మాకలవాటు. కంట్రాక్టరుల సర్వాపద పత్రములో రెండు భాగము లుండును. మొదటిది కట్టడమునకు, సామగ్రికి గలుగు నష్టము. రెండవది ఇతరులకు గలుగు హాని. ఇతరులనగా దారిని బోవువాడు, ప్రక్కయింటివాడు. కంట్రాక్టరు క్రింద పనిచేయు కూలివాడు ఈ లెక్కలోనికి రాడని సామాన్యముగా స్పష్టమైన మినహాయింపు వ్రాయబడి యుండును. పేరు తకాఫు లైనను పత్రములు పెక్కు ఈ పాత యచ్చునే యనుసరించుచున్నవి. పరంజి విఱిగినచో విఱిగిన గోడకు సొమ్ము వచ్చును, క్రింద నడచు బాటసారికి వచ్చును. పరంజిపై నుండి పడిన తాపీవానికి ఈ పత్రమున చోటులేదు.

కూలివానికి వేఱు చట్టములు లేవా యని కొంద ఱడుగవచ్చును. కలవు. సౌదీ అరేబియాలో విదేశీయ కార్మికునికై యజమాని జీతముపై నూటికి 2 వంతులు వృత్తిప్రమాద బీమాకు చెల్లింపవలయును. ఇతర దేశములలోను యజమాని పరిహారమిచ్చు విధులు కలవు. కాని యజమాని యెవడను ప్రశ్న యొద్దనే వ్యవహారము చిక్కుపడును. పెద్ద కంట్రాక్టరు చిన్న కంట్రాక్టరునకు, వాడు కూలీలను సరఫరాచేయు వానికి పని నప్పగించును. కూలివాని వీసా ఒకనిది, పని మఱొకనిది. వాడు మరణించిన మరణపత్రమున సహజమరణమనియు, గుండె ఆగుటచే మరణమనియు వ్రాయుట పరిపాటి. మండుటెండలో పది గంటలు ఇనుము మోసినవాని గుండె ఏల ఆగినదని అడుగు నాథుడు లేడు. ప్రమాదము కాదు గనుక పరిహారము లేదు. శవపేటిక యొక్కటియే పల్లె చేరును.

2015 సెప్టెంబరు 11వ తేదీన మక్కాలోని మహామసీదులో నిర్మాణపు క్రేను కూలి నూఱుమందికి పైగా మరణించిరి. రాజు సల్మాను మృతుల కుటుంబములకు తలకు పదిలక్షల రియాలులు ఇప్పించెను. అది మెచ్చదగిన యౌదార్యము. కాని దయ వేఱు, హక్కు వేఱు. లోకము కన్నులు దానిపై బడినందున రాజాజ్ఞ వెలువడినది. ఎవరును జూడని మూలనున్న కట్టడములో ఒంటరిగా బడినవానికై రాజాజ్ఞ వెలువడునా? దయను నమ్ముకొని సముద్రము దాటుమని మనవారికి మేము చెప్పజాలము.

తకాఫులను సమర్థించు పండితులే దానికి మూలముగా ఆఖిలా యను ప్రాచీనాచారమును జూపుదురు. ఒకడు తెలియక మఱొకని ప్రాణము తీసినచో, మృతుని బంధువుల కీయవలసిన ధనమును వాని వంశీయులందఱు పంచుకొని యిచ్చుటయే ఆ యాచారము. ఇందు గమనింపదగిన దేమనగా, ఈ ధర్మము మనుష్యప్రాణమునకై పుట్టినది, ఇటుకలకై పుట్టలేదు. ప్రాణమునకై పుట్టిన నిధి ఇటుకలను రక్షించి ప్రాణమును విడిచిపెట్టినచో అది తన మూలమును తానే త్రెంచుకొనుట కాదా? ఈ ప్రశ్న మాది కాదు. వారి శాస్త్రమే వారి నడుగుచున్నది.

కావున మేము కోరునది నాలుగు మాటలలో చెప్పుదుము. ఒక నిర్మాణమునకై ఏర్పడు తకాఫులో ఆ నిర్మాణమున పనిచేయు ప్రతివాడును, ఏ ఉపకంట్రాక్టరు క్రింద నున్నను, పేరుతో చేర్పబడవలయును. పనికాలములో స్థలమునగాని, బసలోగాని మరణించినవానికి కారణమేదని వ్రాసినను నిర్ణీత ధనము చెల్లవలయును. మిగులులో కొంతభాగము కూలీల నిధికి బోవలయును. పత్రసారాంశము తెలుగు, ఉర్దూ, హిందీ, బెంగాలీ మున్నగు కూలీల భాషలలో వారి చేతికి రావలయును.

పరులకు నీతులు చెప్పువారము మన యిల్లును జూచుకొనవలదా? 1996లో మన పార్లమెంటు నిర్మాణ కార్మికులకై చట్టముచేసి, కట్టడపు ఖర్చుపై నూటికి ఒక వంతునకు తగ్గకుండ పన్ను గ్రహించి వారి క్షేమమునకు వినియోగింపుమన్నది. కట్టడపు విలువను కట్టువాని బ్రతుకుతో ముడివేసిన ఈ సూత్రము మిక్కిలి గొప్పది. కాని వసూలైన వేలకోట్లు వారికి జేరకుండుటను 2018లో సుప్రీంకోర్టు తీవ్రముగా గర్హించినది. విదేశములకు బోవు వారికై 2003లో వెలసిన ప్రవాసీ భారతీయ బీమా యోజన ప్రమాదమరణమునకు 10 లక్షల రూపాయ లిచ్చును. కాని సందర్శకుల వీసాపై వెడలి అచ్చట కూలికి గుదురువారు దానికి వెలియే. తెలంగాణ ప్రభుత్వము 2024లో గల్ఫు మృతుల కుటుంబములకు 5 లక్షల సహాయము ప్రకటించినది. అది మంచిదే, కాని అదియును మరణానంతరపు సహాయమే.

మన ప్రభుత్వము గల్ఫు రాజ్యములతో కార్మిక విషయమై ఒడంబడికలు చేసికొనునపుడు పై కోరికల నందు జేర్పవలయును. ఇందుకు వారి మతమును మార్చుకొనుమనుటలేదు. వారి మతము చెప్పినట్లు నడచుకొనుమనియే ప్రార్థించుచున్నాము. మన హిందూ ముస్లిము సోదరు లిరువురును ఆ పరంజులపై భుజము భుజము చేర్చి నిలిచి యున్నారు. పడినపుడు మతమడిగి పడరు. పరస్పర సహాయమను పేర వెలసిన నిధి తన గోడను మోయువానిని మొదట మోయవలయును. అంతవఱకు అది సహాయము కాదు. సహాయమను పేరుగల వ్యాపారము.