కొండవాలున గడ్డికట్టల యంత్రము



వరికోత యంత్రముల వెనుకనే గడ్డిని చుట్టి కట్టలు కట్టు యంత్రములును మన పల్లపు గ్రామములకు వచ్చియున్నవి. కూలీలు దొరకని దినములలో ఇవి చేయు మేలు సామాన్యమైనది కాదు. అది చూచిన మెరకసీమల రైతులకు తమ సంఘమును ఒక యంత్రము తెప్పించిన బాగుండునని తోచుట సహజమే. యంత్రము కావలసినదే. కాని దానిని కొండవాలు మీదికి ఎక్కింపరాదని నా అభిప్రాయము.

పల్లపు పొలమున కట్ట పడినచోటనే యుండును. వాలునందు గుండ్రని కట్ట దొర్లును. 2010వ సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీన ఇంగ్లండులోని డెవన్ మండలమున, ఏటవాలు పొలమునుండి సుమారు 600 కిలోల గడ్డిచుట్ట ఒకటి దొర్లివచ్చి, బాటను పోవుచున్న బండిని కొట్టెను. దానిని నడుపుచున్న మైక్ ఎడ్వర్డ్స్ అను ప్రసిద్ధ సంగీత విద్వాంసుడు మరణించెను.

మనవారు వాడు చిన్న యంత్రముల కట్ట 20 కిలోలకు అటునిటుగా నుండును గదా యని కొందరనవచ్చును. కట్ట చిన్నదే; దానిని కట్టు యంత్రమును లాగు ట్రాక్టరు చిన్నది కాదు. అడ్డవాలున పోవునప్పుడు పైచక్రము రాతిమీది కెక్కినను, క్రిందిచక్రము గుంటలో దిగినను అది బోల్తాపడును. దిగుడున వెనుకనున్న యంత్రపు బరువు దానిని ముందునకు త్రోయును. ఎండుగడ్డి పరచిన నేలపై చక్రములు జారును. నాలుగు మోపుల గడ్డికై ఇంటిపెద్దను పోగొట్టుకొనుట ఏ లెక్కకు లాభము?

కావున గడ్డిని యంత్రము కడకు దింపవలయును గాని, యంత్రమును గడ్డి కడకు ఎక్కింపరాదు. స్విట్జర్లాండు దేశపు ఆల్ప్స్ పర్వతములలో మిక్కిలి నిట్రమైన వాలులమీది గడ్డిని నేటికిని పొడవైన పిడిగల కొడవళ్లతో కోసి, వలలలో చుట్టి, ఇనుపతీగల మీదుగా లోయలోనికి జార్చుచున్నారు. వారు యంత్రములు లేనివారు కారు; వాలు నెరిగినవారు. మన అరకు, పాడేరు సీమల మెట్లపొలములనుండి మోపులతోను కావళ్లతోను గడ్డి దింపుకొను రైతుల తెలివియు ఇట్టిదే.

ఇందువలన పని రెట్టింపగునని శంకింపవలదు. పైన కట్టినను ఆ కట్టలను క్రిందికి దింపక తప్పదు గదా! విడిగడ్డిని దింపి క్రింద కట్టిన, ఆ శ్రమతోనే ప్రాణభయము తొలగును.

సంఘము చేయదగిన పని యిది. కొండపాదమున చదునైన స్థలము నొకదానిని ఉమ్మడి కళ్లముగా ఏర్పరుపవలయును. దింపిన గడ్డిని అచ్చట వరుసలుగా పరచి, బాగుగా ఆరిన పిదప యంత్రముచే కట్టింపవలయును. తేమ నూటికి 20 పాళ్లకు మించిన గడ్డిని కట్టినచో అది లోలోపల వేడెక్కి బూజుపట్టును; పశువులు ముట్టవు. ఏటికి కొన్ని వారములు మాత్రమే పనిచేయు యంత్రమును ఒక్క రైతు అప్పుచేసి కొనుట అవివేకము. సంఘమే కొని, కట్టకింత యని బాడుగ నిర్ణయించి, వరుసక్రమమున సభ్యులకు అందింపవలయును.

యంత్రము కొందమా మానుదమా యని సభలో చర్చించుటకు ముందు, దానిని ఎచ్చట నిలుపుదుమో సభ్యులు తేల్చుకొందురు గాక. స్థలము కుదిరిన పిమ్మటనే సొమ్ము చెల్లింపుడు.