పడుకోబెట్టి కొలిచిన లీకు

"గుండె కవాటం కారుతోందట, ఇక మంచం దిగకు." గుండె వైఫల్యంతో బాధపడే మనిషికి బంధువర్గం ఇచ్చే ఈ ఉచిత సలహా అంటే నాకు ఒళ్ళుమంట. "ఎకోలో లీకు స్వల్పమే, నిశ్చింతగా తిరగండి" అని చీటీ చూసి తేల్చేవారన్నా అంతే. ఇద్దరూ లీకును ఎప్పటికీ మారని కొలతగా భావిస్తున్నారు.

ఈ రోగుల్లో చాలామందికి మిట్రల్ కవాటపు రెక్కలు బాగానే ఉంటాయి. చెడింది ఎడమ జఠరిక. అది సాగి, రెక్కలను సన్నని తాళ్ళతో పట్టి ఉంచే కండరాలను పక్కకు లాగేస్తుంది. తలుపులు గట్టివే, ద్వారబంధం ఒరిగిందన్నమాట. రెక్కల నడుమ మిగిలిన సందులోంచి రక్తం ఎడమ కర్ణికలోకి వెనుదిరుగుతుంది. ఆ ఒత్తిడి ఊపిరితిత్తుల మీద పడుతుంది. శ్రమపడినప్పుడు ఈ సందు కొందరిలో పెరుగుతుంది, కొందరిలో తగ్గుతుంది కూడా! ఒత్తిగిల్లి పడుకున్న మనిషికి తీసిన ఎకో ఈ సంగతి ఎలా చెప్పగలదు? మెట్లెక్కేది పడుకునా?

బెల్జియంలోని లియేజ్ వైద్యులు పియెరార్, లాన్సెలొట్టి రోగుల చేత సైకిలు తొక్కిస్తూ ఎకో తీశారు. హఠాత్తుగా ఊపిరితిత్తుల్లో నీరు చేరినవారిలో, శ్రమ వేళ లీకు మిగతావారిలో కన్నా ఎక్కువగా పెరిగిందని 2004లో ప్రకటించారు. విశ్రాంతిలో మాత్రం ఇరువర్గాల లీకుకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా "స్వల్పం" అన్న ఒక్క ముక్కతో రోగి ఆయాసాన్ని అనుమానించడం అన్యాయం కాదా?

అయితే పడక వైద్యమే సరైనదని చంకలు గుద్దుకోనక్కరలేదు. ఒకనాటి శ్రమ వేరు, నెలల తరబడి క్రమంగా చేసే వ్యాయామం వేరు. 2009లో వెలువడిన హెచ్ఎఫ్-యాక్షన్ అధ్యయనంలో గుండె పంపింగు సామర్థ్యం 35 శాతం, అంతకు తక్కువ ఉన్న 2,331 మంది పాల్గొన్నారు. వ్యాయామం చేసినవారికి ప్రమాదం పెరగలేదు. లాభం అద్భుతమేమీ కాదు గానీ, నడవగలిగే దూరమూ, బతుకు తీరూ కొంత మెరుగుపడ్డాయి. కదలకుండా పడుకున్నవాడికేమో ఉన్న కండ కాస్తా కరిగిపోతుంది. (సేవ చేస్తున్నామన్న తృప్తి మాత్రం బంధువులది.)

కనుక నివేదికకూ ఆయాసానికీ పొంతన కుదరనప్పుడు, "శ్రమ పెట్టి ఎకో తీసి చూద్దామా?" అని వైద్యుణ్ణి అడగండి. ఎంత నడవాలో ఆ తర్వాత ఆయన చేతనే రాయించుకోండి.