గృహిణీ గోష్ఠి: రంగు తప్పని తెర



అరచేతి కంకణమునకు అద్దమేల యని పెద్దలందురు. కంకణము మన చేతికే యున్నప్పుడు ఆ మాట సత్యము. కాని వస్తువు పెడనలోను, దానిని కొనువారు బెంగుళూరిలోను ఉన్నప్పుడు అద్దము లేక గడవదు. ఈ కాలమున ఆ యద్దము కంప్యూటరు తెర. ఆ తెర అబద్ధమాడినచో, దాని ముందు కూర్చున్న ఇల్లాలు సత్యము పలికియు అసత్యవాదిని యగును. మా యింట జరిగిన దొక్కటి చెప్పి, పిమ్మట చిత్రములు గీయుటకును, ఫోటోలు దిద్దుటకును తగిన తెరను ఎన్నుకొను విధమును విన్నవింతును.

నా తమ్ముని భార్య పెడనలో కలంకారీ చీరల అంచులకు నమూనాలు కంప్యూటరుపై గీయును. తయారైన చీరలకు ఫోటోలు తీసి, వానిని దిద్ది, దూరపు ఊళ్లవారికి పంపి బేరము చేయును. ఆమె నేర్పు గొప్పది, పెట్టుబడి మాత్రము కొద్దిది. అందుచేత మా యింటివారు పాఠశాల లెక్కలు వ్రాసికొని విడిచిన పాత మానిటరును నేనే ఆమె కిచ్చి, "తెరకు వేలకు వేలు పోయనేల? బొమ్మ కనబడుచున్నది గదా!" అంటిని. ఆ మాటకు నేటికిని సిగ్గుపడుచున్నాను.

2024వ సంవత్సరపు మాఘమాసమున ఒక పెండ్లివారు ఎనిమిది ఎఱ్ఱచీరలు కోరిరి. గుడ్డను కరక్కాయ నీట ముంచి, పటికతో అచ్చులద్ది, రంగునీట కాచగా వచ్చిన ఎఱుపది. కుంకుమవలె మండదు, ఇటుకపొడివలె శాంతముగ నుండును. మఱదలు చీరను ప్రక్కనే పఱచుకొని, తెరపై బొమ్మ దానితో సరిపోవువఱకు దిద్ది పంపెను. పెండ్లివారు మెచ్చి సొమ్ము పంపిరి. చీరలు చేరిన కొలదిదినములకే ఎనిమిదియు తిరిగి వచ్చినవి. వానితో నొక చీటి: "చూపినదొకటి, పంపినదొకటి. ఇది మోసము." సొమ్ము మరల పంపవలసి వచ్చెను, అచ్చువేసినవారికి కూలి అప్పటికే యిచ్చియుండిరి. అయినను సొమ్ము పోయినందుకు గాదు, మోసమను మాటకు ఆ పిల్ల రెండుదినములు అన్నము సరిగా తినలేదు.

వెదకి చూడగా తప్పు తెరది. ఆ పాత తెర నీలిఛాయ గలది. ఎఱుపును చప్పగా చూపునది. చీరతో సరిపోవలెనని ఈమె బొమ్మలో ఎఱుపును పెంచుచు పోయెను. తెరలో కొఱతపడిన ఎఱుపంతయు ఇట్లు బొమ్మలోనికి చేరెను. ఆ బొమ్మను మంచి తెర గలవారు తెఱచి చూడగా, అది కుంకుమరాశివలె మండినది. తప్పుడు తూకపురాయితో ధర్మముగ తూచినట్లయ్యెను. "వదినా, నేను ఎంత జాగ్రత్తపడితినో అంత తప్పు చేసితిని" అని మఱదలు అన్నది. ఆ తెర నిచ్చినదాననగుటచే, దాని బదులు వేఱొకటి కొనిపెట్టు భారము నాయదే యైనది.

తెర స్వభావము మొదట తెలిసికొందము. చీర తనపై బడిన వెలుగును తిప్పి పంపును. తెర తానే వెలుగును. దానిలో ఎఱుపు, పచ్చ, నీలము అను మూడు దీపకణములే కలవు. ఈ మూటి హెచ్చుతగ్గుల కలయికయే తక్కిన వన్నెలన్నియు. బొమ్మ యొక్క కంప్యూటరు లెక్కలో ఎఱుపు ఇంత, పచ్చ ఇంత, నీలము ఇంత అను అంకెలు మాత్రమే యుండును. ఏ యంకెకు ఏ వన్నె చూపవలెనో అందఱికిని ఒక యొడంబడిక లేనిచో, తెరకొక తీరుగ కనబడును. ఆ యొడంబడికయే ఎస్‌ఆర్‌జీబీ. దీనిని 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్టు సంస్థలు ప్రతిపాదించినవి. 1999లో ఇది అంతర్జాతీయ ప్రమాణమయ్యెను. నేటి ఫోటోలలో చాలభాగము దీనినే అనుసరించుచున్నవి.

ఇక అంగడికి పోదము. మేము బెజవాడకు పోయి ఒక దుకాణమున నిలువగా, గోడ పొడుగునను తెరలు వెలుగుచుండెను. అన్నియు ఒకదానిని మించి యొకటి తళతళలాడుచుండ, నాకు దమయంతీ స్వయంవరము జ్ఞప్తికి వచ్చినది. ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు నలుని రూపమునే ధరించి కూర్చుండగా, సభలో అయిదుగురు నలులు కనబడిరి. దేవతలకు చెమట లేదు, ఱెప్పపాటు లేదు, వారి పూలమాల వాడదు, పాదము నేల నంటదు. నీడయు, చెమటయు, వాడిన పూలును గలవానినే దమయంతి నిజమైన నలునిగా గుర్తించెను. తెరల విషయమునను అంతే. మితిమీరి వెలుగుదానిని విడిచి, ఉన్నదున్నట్లు చూపుదానిని గుర్తింపవలెను. అందులకు అయిదు గుఱుతులు చెప్పుదును.

మొదటిది తెర జాతి. ముఖ్యముగ టీఎన్, వీఏ, ఐపీఎస్ అను మూడు జాతులు గలవు. టీఎన్ తెర చవుక. తల కొంచెము పైకెత్తినను, దించినను వన్నె మాఱును. మా పాత తెర యీ జాతిదే. వీఏ తెర నలుపును చిక్కగ చూపును గాని, ప్రక్కనుండి చూచినచో ఛాయలు వెలవెలబోవును. రంగు పనికి ఐపీఎస్ తగినది. దుకాణములో నిలిచి, కూర్చుండి, ప్రక్కకు జరిగి చూడుడు. బొమ్మలోని చర్మపు ఛాయ ఎట నుండి చూచినను ఒకేతీరుగ నుండవలెను.

రెండవది వన్నెల మేర. తెర ఎస్‌ఆర్‌జీబీలో నూటికి నూఱుపాళ్లు గాని, దానికి మిక్కిలి చేరువగ గాని చూపగలదా యని అడుగుడు. కొన్ని పెట్టెలపై ఎన్‌టీఎస్‌సీ యను వేఱొక కొలత వ్రాసియుండును. అందులో 72 శాతమన్నచో ఇంచుమించు ఎస్‌ఆర్‌జీబీ యంత. 45 శాతమన్నచో రంగు పనికి చాలదు. 1998లో వచ్చిన అడోబి ఆర్‌జీబీ ఇంకను విశాలమైనది. కాగితముపై అచ్చువేయువారికి, అందును ఆకుపచ్చలు, నీలిపచ్చలు ముఖ్యమైనవారికి ఉపయోగకరము. పీ3 యనునది సినిమా తెరనుండి వచ్చిన కొలత. చలనచిత్రములు కూర్చువారికి పనికివచ్చును. కాని మేర ఎక్కువైనకొలది మేలని భ్రమపడవలదు. విశాలమైన తెరకు ఎస్‌ఆర్‌జీబీ పద్ధతిలో పనిచేయు ఏర్పాటు లేనిచో, సామాన్యమైన బొమ్మలను గూడ మండునట్లు చూపును. మఱొక సంగతి: ప్రమాణములో ఎంతభాగము కప్పబడినదో అడుగవలెను గాని, 125 శాతము, 130 శాతము అను మొత్తపు పరిమాణమును చూచి మోసపోరాదు. ఒకవైపు పొంగి మఱొకవైపు కొఱతపడినను మొత్తము పెద్దదిగనే కనబడును.

మూడవది తప్పు యొక్క కొలత. చూపవలసిన వన్నెకును, చూపిన వన్నెకును గల భేదమును డెల్టా-ఈ యని లెక్కింతురు. ఈ యంకె 1కి లోబడినచో కంటికి భేదము దాదాపు తెలియదు. సగటున 2కు లోబడియున్న తెర మన పనులకు చాలును. రంగు పనికై చేసిన తెరలలో కొన్నింటితో, కర్మాగారమున పరీక్షించిన ఫలితముల కాగితము పెట్టెలోనే వచ్చును. అట్టి కాగితము గలదానికి ప్రాధాన్య మిండు.

నాల్గవది మెట్ల సంఖ్య. ఎనిమిది బిట్ల తెరలో ఒక్కొక్క మూలవర్ణమునకు 256 మెట్లు. మూడును కలిసి 1,67,77,216 వన్నెలు. చవుక తెరలు కొన్ని 64 మెట్లు మాత్రమే కలిగి, ఇరుగుపొరుగు ఛాయలను వేగముగ మార్చి చూపి కంటిని మఱపించును. నిజమైన ఎనిమిది బిట్లు తప్పక కావలెను. పది బిట్ల తెరలో మెట్లు 1,024. సాయంకాలపు ఆకాశమువంటి ఛాయలు చాఱలు పడక మెత్తగ జారును. అయితే కంప్యూటరును, బొమ్మలు దిద్దు ప్రోగ్రామును గూడ దానికి తగినవి కావలెను.

అయిదవది సమత. తెరనిండ ఒకే బూడిదరంగు చూపుమనుడు. ఒక మూల చీకటిగ, మఱొక మూల పసుపుగ నున్నచో దానిని విడువుడు. ఇది ఖర్చులేని పరీక్ష. దుకాణదారుడు విసుగుకొన్నను మీరు విసుగుకొనవలదు.

పరిమాణము విషయమున, 24 అంగుళముల తెరకు 1920×1200, 27 అంగుళముల తెరకు 2560×1440 చుక్కలుండుట అనుకూలము. నిగనిగలాడు గాజుకంటె మెఱుపులేని పైపొర మేలు; మన కిటికీయు, మన ముఖమును అందులో కనబడవు. ఐజో వారి కలర్‌ఎడ్జి, ఏసస్ వారి ప్రోఆర్ట్, డెల్ వారి అల్ట్రాషార్ప్ మొదలగు వరుసలలో ఈ పనికి తగినవి లభించును. పేరు చూచి కొనక, ఆ వరుసలోని ఆ తెరకే ఈ అయిదు గుఱుతులు గలవో లేవో చూచి కొనుడు. పోవునప్పుడు మీ ఫోటో యొకటియు, ఆ ఫోటోలోని గుడ్డముక్కయు వెంట తీసికొనిపొండు. దుకాణపు తెరలను తఱచుగ కన్ను చెదరునట్లు అమర్చియుంతురు. కావున ఎస్‌ఆర్‌జీబీ పద్ధతికి మార్పించి పిమ్మట చూడుడు.

తెర కొన్నంతనే పని తీరలేదు. వీణకు శ్రుతివలె తెరకు సరిచూపు కావలెను. కాలము గడచినకొలది దాని వన్నె జరుగుచుండును. ఇందులకు కలరీమీటరు అను చిన్న పరికరము గలదు. దానిని తెరపై నానించినచో, ప్రోగ్రాము వరుసగ వన్నెలు చూపును. పరికరము వానిని కొలుచును. తెర ఎచట తప్పుచున్నదో ప్రొఫైలు అను పట్టికగ వ్రాసి కంప్యూటరునకు తెలుపును. తెలుపు 6500 కెల్విన్లు, గామా 2.2, వెలుగు 100 మొదలు 120 నిట్లు అని పెట్టుకొనుట సామాన్యమైన పనికి చాలును. తెర వెలిగించి అరగంట యైన పిమ్మటనే కొలువవలెను. నెలకొక మాఱు చేసిన చాలును. కనుక ఈ పరికరమును నలుగురు సోదరీమణులు కలిసి కొని, వంతులవారీగ వాడుకొనవచ్చును. మా మఱదలు ముగ్గురు స్నేహితురాండ్రతో కలిసి అట్లే కొన్నది.

గది సంగతి గూడ మఱువరాదు. చీర కొనునప్పుడు మనము దుకాణపు దీపము క్రింద చూచి తృప్తిపడక, వీథిగుమ్మము కడకు తెచ్చి పగటివెలుగున చూతుము గదా! అది మన తల్లులు నేర్పిన శాస్త్రమే. పచ్చని దీపము క్రింద ఒకటిగ తోచిన రెండు గుడ్డలు ఎండలో వేఱు కావచ్చును. కావున తెరప్రక్క గుడ్డను పోల్చునప్పుడు పగటివెలుగును పోలిన దీపముండవలెను. తెరమీద సూటిగ ఎండ పడరాదు. ఎదుటి గోడకు గాఢమైన రంగు వలదు. రాత్రివేళ కంటికి హాయియని తెరను పసుపుగ మార్చు ఏర్పాటును, వెలుగు తనంత తాను మారు ఏర్పాటును పనివేళ తీసివేయుడు.

ఇంత చేసినను ఒక కొఱత మిగులును. కొనువారి చేతిలోని ఫోను మన యధీనములో లేదు. దాని తెర ఎట్టిదో మన మెఱుగము. మన తెర సరియైనచో మన వంతు తప్పు తొలగును, అంతే. అందుచే మఱదలు ఇప్పుడు ప్రతి బొమ్మ క్రిందను "ఇటుక ఎఱుపు, కుంకుమ ఎఱుపు కాదు" అని మాటలతో గూడ వ్రాయును. పెద్ద బేరములకు ముందుగ వేలెడంత గుడ్డముక్కను తపాలాలో పంపును.

తిరిగివచ్చిన ఆ యెనిమిది చీరలకు క్రొత్త తెరపై మరల బొమ్మలు దిద్దినది. ఈ మాఱు అవి మునుపటివలె కన్ను చెదరునట్లు లేవు. ఒక్కొక్కటిగ అమ్ముడగుటకు నాలుగు నెలలు పట్టినది. కాని ఒక్కటియు తిరిగి రాలేదు. కొన్నవారిలో నొక సోదరి "బొమ్మలో చూచినదే చేతికి వచ్చినది" అని వ్రాసి పంపెను. మఱదలు ఆ కాగితమును మునుపటి చీటిప్రక్కనే దాచినది. పాత తెర మరల మా యింటికి వచ్చి లెక్కలు చూపుచున్నది. అంకెలకు రంగుతో పని లేదు గదా!