రెండు జబాన్ల దిమాగ్

‘ఇంట్లో ఉర్దూ బంద్ చేయండి, పిల్లలు పరేషాన్ అవుతారు. ఇంగ్లీషే మాట్లాడండి.’ మా గోదావరిఖని, రామగుండం కాలనీల్లో స్కూళ్ల వాళ్లు చెబుతున్న ఈ మాటకు మన వాలిదైన్ కూడా తల ఊపుతున్నారు. స్కూలు చదువు ఉర్దూ మీడియంలో, డిగ్రీ తెలుగులో చేసినవాణ్ణి నేను. ఈ సలహా గలత్ అని నా రాయ్. ఇది జజ్బాత్‌తో అంటున్నది కాదు.

పనిచేస్తున్న దిమాగ్‌ను చూడడానికి సైన్సు దగ్గర ఎఫ్ఎంఆర్ఐ అనే తరీఖా ఉంది. అది మన ఖయాలాత్‌ను ఫోటో తీయదు. మెదడులో ఏ భాగం పనిచేస్తే అటు ఆక్సిజన్ ఉన్న ఖూన్ ఎక్కువగా పోతుంది. ఆ తేడాను అయస్కాంతంతో, కొన్ని సెకన్లు ఆలస్యంగా పట్టుకుంటుంది. మన బాయి లెక్కలో చెప్పాలంటే, లోపల బొగ్గు తీసేవాళ్లు పైనున్నవాడికి కనబడరు. ఖాళీ టబ్బులు ఎటు ఎక్కువగా పోతున్నాయో చూసి, పని అక్కడ జోరుగా ఉందని అంచనా వేస్తాడు.

1997లో న్యూయార్క్ సైంటిస్టులు రెండు భాషలు వచ్చిన 12 మందిని ఇలా పరీక్షించి, ‘నేచర్’ పత్రికలో రాశారు. పెద్దయ్యాక రెండో భాష నేర్చుకున్నవాళ్లకు, మాటను నడిపే బ్రోకా ప్రాంతంలో రెండు భాషలకూ వేరువేరు చోట్లు కనిపించాయి. బచ్‌పన్‌లోనే రెండూ నేర్చినవాళ్లకు దాదాపు ఒకే చోటు. 12 మంది తక్కువే. కానీ చిన్న దిమాగ్‌లో రెండు జబాన్లు పట్టవన్న మాటకు ఇందులో ఎలాంటి ఆధారమూ లేదు.

ఇక మన హైదరాబాద్ సంగతి. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, మరీజుల రికార్డులు చూసింది. ఇది స్కాన్ల మీద చేసిన పని కాదు. 2013లో ఫలితాలు వచ్చాయి. ఒకే భాష వచ్చినవాళ్లకంటే రెండు, అంతకు మించి వచ్చినవాళ్లకు జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడి ముఖం చూడనివాళ్లలోనూ ఈ తేడా కనబడింది. అంటే ఇది ఫీజు కట్టి కొన్న తాలీమ్ బరకత్ కాదు. తెలుగు, ఉర్దూ, హిందీ కలిసి నడిచే మన గల్లీల జిందగీది.

అన్ని దేశాల్లో ఫలితాలు ఇలాగే రాలేదు. రెండు భాషలొస్తే జబ్బే రాదనీ కాదు. అయినా ఉర్దూ మానిపిస్తే పిల్లలకు ఏదో ఫాయిదా ఉందని నమ్మడానికి కారణమేదీ కనబడదు. నుఖ్సాన్ మాత్రం కళ్లముందే ఉంది. దాదీ చెప్పేది మనవడికి అర్థం కావడం లేదు.

కాబట్టి ఇంట్లో ఉర్దూ ఉండనివ్వండి. ‘తెలుగు మనది కాదు’ అని కూడా పిల్లలకు నేర్పకండి. వాళ్లు ఒకే మాటలో రెండు భాషలు కలిపితే ఘబ్రాయించకండి, అది మామూలే. ఏ జబాన్‌లోనూ మాట రాకపోతే మాత్రం డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి. దానికి ఉర్దూను బద్నామ్ చేయకండి.